గోడ మీద వాలిన మాత్ పేరేంటి? ఎవర్ని అడిగితే సరైన జవాబు వస్తుంది

తొలకరి పడి వారం తిరక్కముందే వరండా లైటు చుట్టూ గోడ మాత్‌లతో, అంటే రాత్రిపూట లైటుకి వచ్చే రెక్కల పురుగులతో, నిండిపోతుంది. ఒకటి అచ్చం ఎండుటాకులా ఉంటుంది. ఒకటి తెల్లటి రెక్కల మీద ఎర్రచుక్కలూ నల్లచుక్కలూ పెట్టుకుని ఉంటుంది. ఇంకోటి రెక్కలు వెనక్కి వాల్చి చిన్న జెట్ విమానంలా కదలకుండా కూర్చుంటుంది. ఫోన్ తీసి ఫోటో కొడతాం. ఆ వెంటనే పుట్టే ప్రశ్న: దీని పేరేంటి?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పే దారులు ఇప్పుడు నాలుగైదు ఉన్నాయి, అన్నీ ఉచితమే. కానీ అవి చేసే పని ఒకటి కాదు. నేను మొదట్లో ఆ తేడా తెలియక, ఏ యాప్ ఏ పేరు చెబితే ఆ పేరుతో ఫోటోలు దాచుకుంటూ పోయాను. తర్వాత రెండు సీజన్ల ఫోటోలు మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. ఆ శ్రమ మీకు తప్పాలనే ఇది రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. పేరు మొదట ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో అడగండి. వచ్చిన పేరుని మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. రెండూ కలవకపోతే జాతి పేరు పెట్టకుండా అక్కడే ఆగండి. ఈ దారి అందరికీ సరిపోదు. చిన్నపిల్లలకి ఒకటి, రైతులకి ఇంకోటి నయం. అవి కూడా చెబుతాను.

ముందు మాట గురించి ఒక మాట. తెలుగులో మాత్‌ని చిమ్మట అంటాం, కానీ కొన్ని ఊళ్ళలో చిమ్మట అంటే రాత్రిపూట కీచుమని అరిచే కీచురాయి. పుస్తకాల్లో శలభం అని ఉంటుంది, అది వాడుకలో వినపడదు. చేలల్లో మాత్రం చక్కటి మాటలున్నాయి: గుడ్లు పెట్టే దశలో ఉన్నదాన్ని రెక్కల పురుగు అనో తల్లి పురుగు అనో అంటారు, ఆకు తినే దశని లద్దె పురుగు, గొంగళి పురుగు అంటారు. నేనిక్కడ మాత్ అనీ, రెక్కల పురుగు అనీ రెండూ వాడతాను.

సీతాకోకచిలుకల విషయంలో ఇంత తలనొప్పి లేదు. మన దేశంలో అవి 1,300 పైచిలుకు జాతులు, ఒక మంచి పుస్తకం తిరగేస్తే చాలావరకు దొరికిపోతాయి. మాత్‌లు మన దేశంలోనే 10,000 జాతులకు పైగా ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద సుమారు 1,60,000. ఇన్నిటికి జేబులో పట్టే పుస్తకం ఉండదు. అందుకే ఆన్‌లైన్ గైడ్ తప్పనిసరి అవుతుంది.

గూగుల్ లెన్స్: త్వరగా చెబుతుంది, ఊరు అడగదు

అందరి ఫోన్‌లోనూ ఉంటుంది కాబట్టి చాలామంది దీంతోనే మొదలుపెడతారు. ఇది ప్రధానంగా మీ ఫోటోని ఇంటర్నెట్‌లో ఉన్న ఫోటోలతో పోల్చి, దగ్గరగా కనిపించినవి చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో మాత్ ఫోటోలు ఎక్కువగా పెట్టింది అమెరికా, ఐరోపా వాళ్ళు. అందుకని నల్గొండలో వాలిన పురుగుకి అమెరికాలో ఉండే పురుగు పేరు వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఒక్క ఉదాహరణ చాలు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో కనిపించే పెద్ద అట్లాస్ మాత్ శాస్త్రీయంగా అటాకస్ టాప్రోబానిస్. ఈశాన్యంలో, హిమాలయ ప్రాంతాల్లో, ఆగ్నేయాసియాలో ఉండేది అటాకస్ అట్లాస్. చూడటానికి రెండూ దాదాపు ఒకటే. ఇంటర్నెట్ నిండా ఉన్నది రెండోదాని ఫోటోలే. ఫోటో ఒక్కటే చూసి చెప్పేవాళ్ళు ఎవరైనా, యంత్రమైనా మనిషైనా, కేరళ అడవిలో తీసిన ఫోటోకి కూడా అట్లాస్ అనే అంటారు. ఫోటో ఎక్కడ తీశారో తెలిస్తేనే సరైన పేరు దగ్గరకి వెళ్ళగలం.

అయినా లెన్స్‌ని నేను పూర్తిగా పక్కన పెట్టమనను. ఇది మాతా, సీతాకోకచిలుకా, తూనీగ లాంటి ఇంకేదైనానా అన్నంతవరకు బాగా పనికొస్తుంది. అక్కడితో ఆపేయాలి.

సీక్: పిల్లల చేతిలో పెట్టదగ్గది

ఐనాచురలిస్ట్ వాళ్ళే తయారుచేసిన యాప్ ఇది. లాగిన్ అక్కర్లేదు, ఫోన్ నంబరు అడగదు. కెమెరా పురుగు వైపు చూపిస్తుంటే కుటుంబం, ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు), జాతి అంటూ మెట్టుమెట్టుగా దిగుతుంది. నమ్మకం చాలకపోతే మధ్యలోనే ఆగిపోతుంది. అలా ఆగిపోవడమే దీంట్లో నాకు నచ్చింది. తెలియనప్పుడు తెలియదని చెప్పే పనిముట్టుని పిల్లలకి అలవాటు చేయడం మంచిది. సెలవుల్లో పిల్లలు ఇంటికొచ్చినప్పుడు నేనిచ్చేది ఇదే. దీంట్లో లోటు ఏమిటంటే, చెప్పిన పేరుని ఎవరూ సరిచూడరు.

ఐనాచురలిస్ట్: వెనక మనుషులున్నారు

2008లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, ఇప్పుడు లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా నడుస్తోంది. ఫోటో ఎక్కించగానే కంప్యూటర్ కొన్ని పేర్లు సూచిస్తుంది. ఆ సూచనలు ఇచ్చేటప్పుడు మీ ప్రాంతాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, లెన్స్‌కీ దీనికీ మొదటి తేడా ఇదే. రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. ఆ తర్వాత మనుషులు వచ్చి చూస్తారు. మీరు పెట్టిన పేరు సరైనదైతే ఒప్పుకుంటారు, కాకపోతే వేరే పేరు పెడతారు, చాలాసార్లు ఎందుకో కూడా రాస్తారు. తేదీ, చోటు, ఫోటో ఉండి, చూసినవాళ్ళలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద నిలబడితే ఆ రికార్డుకి రీసెర్చ్ గ్రేడ్ అనే గుర్తు వస్తుంది.

ఆ గుర్తు చూసి ఇక తిరుగులేదనుకోవద్దు. ఇద్దరు ఒప్పుకున్నా అది వచ్చేస్తుంది, ఆ ఇద్దరిలో ఒకరు మీరే. రెండోవాళ్ళు కూడా కంప్యూటర్ సూచననే నొక్కి ఉండొచ్చు. పైగా తగినన్ని ఫోటోలు ఉన్న జాతుల మీదే ఆ కంప్యూటర్‌కి శిక్షణ ఇస్తారు. మన దేశపు మాత్‌లలో చాలావాటికి అన్ని ఫోటోలు లేవు. జాబితాలో లేని పురుగు ఎదురైతే, ఉన్నవాటిలో దగ్గరదాన్ని చూపిస్తుంది. చిన్నచిన్న గోధుమరంగు పురుగుల విషయంలో ఇది పదేపదే జరుగుతుంది.

ఒక జాగ్రత్త. ఇంటి వరండాలో తీసిన ఫోటోలైతే, ఎక్కించేటప్పుడు చోటుని అస్పష్టంగా ఉంచే సెట్టింగ్ ఎంచుకోండి. అప్పుడు బయటివాళ్ళకి మీ ఇల్లు కనపడదు, సుమారు 20 కిలోమీటర్ల గడి మాత్రమే కనిపిస్తుంది. ఇంకో విషయం: వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో తేదీ, చోటు వివరాలు పోతాయి. కెమెరాలో ఉన్న అసలు ఫోటోనే ఎక్కించాలి.

మాత్స్ ఆఫ్ ఇండియా: నిదానంగా చూసుకునేది

ఇది మన దేశపు మాత్‌ల కోసమే కట్టిన వెబ్‌సైట్. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో పరిశోధకుడు కృష్ణమేఘ్ కుంటే, సంజయ్ సోంధి లాంటి మాత్ నిపుణులు దీనికి సంపాదకులు. సీతాకోకచిలుకలకీ తూనీగలకీ కూడా ఇలాంటి సోదర వెబ్‌సైట్లు ఉన్నాయి. మామూలు జనం పంపిన ఫోటోలే ఇందులోనూ ఉంటాయి, కానీ సంపాదకులు పరిశీలించాకే జాతి పేజీలో పెడతారు. ఒక్కో ఫోటో కింద ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ రాష్ట్రంలో అన్నది రాసి ఉంటుంది. దొరికినచోట గొంగళి దశ ఫోటోలు, అది తినే మొక్కల పేర్లు కూడా ఉంటాయి.

దీంట్లో ఫోటో పెట్టగానే పేరు చెప్పే మీట లేదు. మీరే వెతుక్కోవాలి. కొత్తవాళ్ళు ఇక్కడే వెనక్కి తగ్గుతారు, నాకు మాత్రం దీని బలమంతా అక్కడే కనిపిస్తుంది. ఒక ప్రజాతి పేజీ తెరిస్తే దాని కింద ఉన్న జాతులన్నీ పక్కపక్కన బొమ్మలతో కనిపిస్తాయి. మీ పురుగుకి ఎన్ని పోలికల పురుగులు ఉన్నాయో అప్పుడు గానీ తెలియదు. యాప్ ఒక పేరు చెప్పి ఊరుకుంటుంది. ఆ పేరుకి అన్నదమ్ములు ఎంతమందో ఇక్కడ చూడాలి.

లోటుపాట్లూ ఉన్నాయి. అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అన్ని జాతులకీ ఫోటోలు ఇంకా రాలేదు, కాబట్టి ఇందులో కనపడలేదంటే మన దేశంలో లేదని కాదు. ఫోన్ తెర మీద కంటే కంప్యూటర్‌లో చూడటమే సుఖం. శాస్త్రీయ నామాన్ని చేత్తో కొడితే అక్షరం తప్పు పోతుంది, ఐనాచురలిస్ట్‌లో కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేయండి.

ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అని ఇంకోటి కూడా ఉంది, అదీ 2008లోనే మొదలైంది. మొక్కలకీ పక్షులకీ కలిపి ఒకేచోట రికార్డులు పెట్టుకునేవాళ్ళకి బాగుంటుంది. బ్రిటిష్ కాలంలో, 1892 నుంచి 1896 మధ్య, హాంప్సన్ అనే శాస్త్రవేత్త మన దేశపు మాత్‌ల మీద రాసిన నాలుగు సంపుటాలు కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వర్ణనలు ఇప్పటికీ గొప్పగా ఉంటాయి కానీ పేర్లు చాలా మారిపోయాయి. కొత్తవాళ్ళు వాటి జోలికి ఇప్పుడే వెళ్ళక్కర్లేదు.

ఒక పురుగుని పట్టుకుని చూద్దాం

బత్తాయి తోటలున్న ఊళ్ళలో వానాకాలం రాత్రుళ్ళు ఒక పెద్ద మాత్ కనిపిస్తుంది. ముందు రెక్కలు గోధుమరంగులో, ఈనెలతో సహా ఎండుటాకే. రైతులకి ఇది బాగా తెలుసు: పండు రసం పీల్చే రెక్కల పురుగు. సాధారణంగా రెక్కల పురుగుల నోటి గొట్టం పూలలో తేనె తాగడానికి సరిపోయేంత మెత్తగా ఉంటుంది. దీనిది గట్టిగా, ముళ్ళతో ఉండి, పండుతున్న బత్తాయి తొక్కలోకి నేరుగా దిగుతుంది. ఆ చిన్న రంధ్రంలోంచి బూజు లోపలికి పోయి కాయ కుళ్ళి రాలిపోతుంది.

దీని ఫోటో యాప్‌కి చూపిస్తే యూడోసిమా అనే ప్రజాతి వరకు తేలిగ్గానే వస్తుంది. అక్కడి నుంచే చిక్కు. మన దగ్గర యూడోసిమా జాతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ముందు రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు వాటిని విడదీయడం కష్టం, పైగా ఆడదానికీ మగదానికీ ముందు రెక్కల రంగులు వేరువేరుగా ఉంటాయి. మొదటిసారి నాకు ఒక యాప్ ఫలోనియా అంది, నేనూ అదే రాసుకున్నాను. ఆ రాత్రి అదే గోడ మీద ఆ పురుగుని గడ్డిపోచతో పక్క నుంచి మెల్లిగా తాకాను. అది ఎగరలేదు, ముందు రెక్కలు ఒక్కసారి పైకెత్తింది. కింద దాచుకున్న వెనక రెక్కలు బయటపడ్డాయి: పండిన నారింజ రంగు, అంచున నల్లపట్టీ, ఆ పట్టీ చివర తెల్లచుక్కలు, రెక్క మధ్యలో బొట్టులాంటి గుండ్రటి నల్లమచ్చ.

మర్నాడు మాత్స్ ఆఫ్ ఇండియాలో యూడోసిమా పేజీ తెరిచి ఒక్కో జాతి వెనక రెక్కే చూశాను. ఫలోనియాకి ఉండే నల్లమచ్చ చింతగింజంత గుండ్రంగా ఉండదు, జీడిపప్పులా వంపు తిరిగి ఉంటుంది. గుండ్రటి బొట్టున్నది మాటెర్నా. ముందురోజు రాసుకున్న పేరు తప్పు. తేల్చిన ఆధారం వెనక రెక్క మీద ఉంది, అది నా మొదటి ఫోటోలో లేనే లేదు. ఫోటోలో లేని ఆధారాన్ని ఏ యాప్ కూడా చూడలేదు.

దీని గొంగళి పురుగు బత్తాయి చెట్టు మీద దొరకదు. తిప్పతీగ మీద చూడండి. తల కిందికి వంచుకుని, పక్కన కళ్ళలాంటి పెద్ద మచ్చలతో ఉంటుంది. తోట చుట్టూ కంచె మీద తిప్పతీగ తీసేయమని రైతులకి చెప్పడానికి కారణం అదే.

ఏ యాప్ వాడినా ఈ ఫోటోలు కావాలి

పైనుంచి ఒకటి, రెక్కలు తెరకి సమాంతరంగా ఉండేలా. పక్క నుంచి ఒకటి, కాళ్ళూ ముఖమూ కనిపించేలా. మీసాలు దగ్గరగా ఒకటి: దువ్వెన పళ్ళలా ఉన్నాయా, సన్నటి దారంలా ఉన్నాయా అన్నది చాలా చెబుతుంది. వీలైతే వెనక రెక్క. పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తీస్తే పరిమాణం తెలుస్తుంది, స్కేలు లేకపోతే రెండు సెంటీమీటర్ల పురుగుకీ ఆరు సెంటీమీటర్ల పురుగుకీ తేడా ఫోటోలో కనిపెట్టలేం. చేత్తో పట్టుకోవద్దు, రెక్కల మీది పొడి రాలిపోతే గుర్తులూ పోతాయి.

కూర్చున్న తీరుని కూడా రాసుకోండి. మాత్స్ ఆఫ్ ఇండియాలో కుటుంబాల వారీగా వెతకడానికి ఇదే దగ్గర దారి. రెక్కలు గోడకి పూర్తిగా అంటించి, సీతాకోకచిలుకలా పరిచి కూర్చుంటే జియోమెట్రిడే కుటుంబం చూడండి. జెట్ విమానంలా ఉండి ఒళ్ళు లావుగా, తోక వైపు కోసుగా ఉంటే స్ఫింజిడే, అంటే హాక్‌మాత్‌లు. గన్నేరు, నందివర్ధనం ఆకులు తినే పెద్ద పచ్చ పురుగు ఈ కుటుంబానిదే, దాని రెక్కల పురుగు ఆకుపచ్చా లేత గులాబీ కలిసిన పాలరాయిలా ఉంటుంది. నువ్వు చేలో, తోకమీద కొమ్ముతో ఉండే లావుపాటి గొంగళి కూడా ఈ కుటుంబమే. దాని పెద్దది వీపు మీద పుర్రె బొమ్మతో వస్తుంది, ముట్టుకుంటే కీచుమని అరుస్తుంది. ఆ పుర్రె మాత్‌లలో మన దగ్గర స్టిక్స్, లాకెసిస్ అని రెండు జాతులు. వెనక రెక్క పసుపుగా ఉండి రెండు నల్లపట్టీలే ఉంటే స్టిక్స్, ఆ రెక్క ఒంటికి అతుక్కునే చోట పెద్ద నల్లమచ్చ ఉంటే లాకెసిస్. చూశారా, ఇక్కడా వెనక రెక్కే.

రెక్కలు సన్నగా రెండు పక్కలకీ చాపి ఇంగ్లిష్ టీ అక్షరంలా కూర్చునేవి టెరోఫోరిడే. నాలుగు రెక్కల మీదా కళ్ళలాంటి మచ్చలున్న పెద్దవి సాటర్నిడే, మద్ది చెట్ల మీద పెరిగే మన దసలి పట్టు పురుగు ఇందులోదే. ఇంటి కప్పులా రెక్కలు వాల్చుకునే గోధుమరంగు గుంపు మాత్రం మహా పెద్దది. అక్కడ ఓపిక పట్టాలి.

చేలో పురుగు అయితే

పంట మీద పురుగు కనపడి మందు కొట్టాలా వద్దా అన్న టెన్షన్‌లో ఉన్న రైతుకి నేను ఈ దారి చెప్పను. రోజులు పట్టే పని ఇది. పైగా రెక్కల పురుగు ఫోటో కంటే లద్దె పురుగు ఫోటోయే అక్కడ పనికొస్తుంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు సంగతే తీసుకోండి. 2018లో కర్ణాటకలో మొదట బయటపడి, అదే ఏడాది మన రాష్ట్రాలకీ వచ్చింది. దీని ఆడ రెక్కల పురుగు బూడిదరంగులో, చెప్పుకోదగ్గ గుర్తేమీ లేకుండా ఉంటుంది. అదే లద్దె పురుగు దశలో తలమీద తలకిందులైన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఫోటోతోపాటు పురుగు తిన్న ఆకు, మొవ్వు ఫోటో కూడా తీసి మండల వ్యవసాయ అధికారికో కృషి విజ్ఞాన కేంద్రానికో చూపించండి. యాప్ చెప్పిన పేరు మీద మందు కొనొద్దు.

ఎక్కడ ఆగాలి

మొదట్లో చెప్పిన తెల్లరెక్కల ఎర్రచుక్కల పురుగు యుటెథీసా. జనుము, గిలిగిచ్చ చెట్ల దగ్గర పగలు కూడా ఎగురుతుంది. అంత అందంగా, అంత స్పష్టంగా ఉన్నా, పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో జాతి దాకా వెళ్ళడం కష్టం, దగ్గర పోలికలున్న జాతులు మన దగ్గరే ఉన్నాయి. నేను యుటెథీసా అని ప్రజాతి పేరు రాసి వదిలేస్తాను. కొన్ని మాత్‌లనైతే పొట్ట చివరి భాగాలు మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప నిపుణులు కూడా విడదీయలేరు. కుటుంబం పేరు దగ్గర ఆగిన రికార్డు కూడా పనికొచ్చే రికార్డే. ఐనాచురలిస్ట్‌లో అలా వదిలిన దానికి మూడేళ్ళ తర్వాత ఎవరో వచ్చి పేరు పెట్టిన సందర్భాలు నాకున్నాయి. తప్పు జాతి పేరు పెట్టి ఉంటే ఆ మనిషి కంటికి అది పడేదే కాదు.

మొదలుపెట్టడానికి వానాకాలం దాకా ఆగక్కర్లేదు. బాత్రూమ్ గోడ మీదో అల్మరా వెనకో గుమ్మడి గింజలా బూడిదరంగు తొడుగు ఒకటి, సెంటీమీటరు అటూఇటూగా, వేలాడుతూ ఉంటుంది. చెత్త అనుకుని ఊడ్చేస్తాం. కాసేపు కదపకుండా చూస్తే ఒక కొస నుంచి చిన్న తల బయటికి వచ్చి తొడుగుని ఈడ్చుకుంటూ నడుస్తుంది. అది మాత్ పిల్లే, సాలెగూళ్ళూ రాలిన వెంట్రుకలూ తిని బతుకుతుంది. ఫోటో తీసి ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, ఫెరియోకా అని వస్తుంది. తర్వాత మాత్స్ ఆఫ్ ఇండియాలో దాని కుటుంబం టినెయిడే పేజీ తెరిచి చూడండి.

జూలై చివరి వారంలో ఏటా నేషనల్ మాత్ వీక్ జరుగుతుంది. అమెరికాలో 2012లో మొదలైంది, ఇప్పుడు మన దేశంలోనూ చాలాచోట్ల చేస్తున్నారు. ఆ వారం ఒక తెల్లదుప్పటి డాబా మీద తీగకి కట్టి, ముందు ఒక బల్బు పెట్టుకుంటే చాలు. వెన్నెల లేని రాత్రి అయితే ఇంకా ఎక్కువ వస్తాయి. పది, పదకొండు దాకా ఫోటోలు తీసుకుని లైటు ఆర్పేసి పడుకోండి. తెల్లారేదాకా వెలుగుతూ ఉంచితే వాలినవన్నీ బల్లులకీ, పొద్దున్నే పిట్టలకీ ఆహారమైపోతాయి.